పేపర్లో లేని దీవి

ఆయన పోయాడని ఫోన్లో విన్నప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, అనుమానం. "మా నాయన తెల్లారుజామున పోయినాడు సార్" అని ఆయన కూతురు ఎమ్మిగనూరు నుంచి చెబుతూ ఉంటే నేను లోపల నన్ను నేను ఒక్కటే అడుగుతున్నాను. ఈయనకు తెలుసా, తెలియకుండానే పోయాడా? నేను ఆయనకు ఒక అబద్ధం చెప్పాను. ఒక్కటే. దాని వల్ల ఆయన పని పోయింది. అది అబద్ధమని ఆయన కనిపెట్టాడో లేదో రెండేళ్ళుగా నాకు తెలియదు. అడిగే ధైర్యం లేక మనిషిని చూడడమే మానేశాను.

నిజానికి ఈ అనుమానం జబ్బు నాది కాదు, ఆయనది. ఆదోనిలో నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని టీ తాగాను. అంటుకుంది.

ఆయన పని ఒక పత్తి మిల్లు గేటు దగ్గర. ఏ మిల్లని అడగకండి, చెప్పను. రైతులు టెంపోల్లో, ట్రాక్టర్లలో తెచ్చిన పత్తిని చూసి ఇది మొదటి రకం, ఇది రెండో రకం, ఇది తడిపి తెచ్చింది అని తేల్చి చెప్పే మనిషి. అక్షరం ముక్క రాదు. ఆ చేతులకే చదువంతా. గోనె బోరా మూతి విప్పగానే పైన తెల్లగా నురగలాగా కనబడే పత్తిని ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి ఒక పిడికెడు లాగేవాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పింజను సాగదీసి, కళ్ళు మూసుకుని తెంపేవాడు. ఆ తర్వాతే కళ్ళు తెరిచి రైతు ముఖం చూసేవాడు. "పైన పెట్టేది మనకు సూపియ్యనీకి. అడుగున ఉండేదే ఆయప్ప తెచ్చింది" అనేవాడు.

మనుషులతోనూ అంతే. టీ అంగట్లో రెండు గ్లాసులు తెచ్చి పెడితే తన ముందు పెట్టింది నా వైపు జరిపి, నా గ్లాసు తను తీసుకునేవాడు. ఎందుకన్నా అని ఒకసారి అడిగాను. "నువ్వు సారువి. నీకు పాలు ఎక్కువ పోస్తాడు" అన్నాడు. టీ అంగడి ఆయన నెత్తి కొట్టుకున్నాడు. రక్తపోటు ఒక డాక్టరు దగ్గర చూపించుకుంటే, అదే రోజు ఇంకో డాక్టరు దగ్గర కూడా చూపించుకునేవాడు. రెండు చోట్లా ఒకటే లెక్క వచ్చిందంటే, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారేమో అని మళ్ళీ అనుమానం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. నా బస్సు ఆ మిల్లు ఎదురుగా ఆగుతుంది. బడికి ముందు అరగంట ఆ అంగట్లో పేపరు చదువుతూ కూర్చోవడం నా అలవాటు. ఒకరోజు ఆయన పక్కకొచ్చి నిలబడి, "సారూ, న్యూయార్కు అంటే యాడుంది?" అని అడిగాడు.

"అమెరికాలో అన్నా. ఎందుకు?"

"దినామూ పొద్దున మా యజమాని 'న్యూయార్కులో పడింది' అంటాడు. అని, ఈడ రైతుకు రేటు కోస్తాడు. ఆ ఊర్లో పత్తి పండుతుందా?"

"ఆ దేశంలో పండుతుంది. ఆ ఊళ్ళో పండదు. రేటు ఆ ఊళ్ళో పలుకుతుంది."

ఆయన నన్ను బోరాను చూసినట్టు చూశాడు. "పండని ఊరోళ్ళు రేటు పలుకుతారా?" అన్నాడు. ఆ రోజు నుంచి అమెరికా ఆయన అనుమానితుల్లో మొదటి పేరు. ఆ రోజు నుంచే నేను ఆయనకు పేపరు చదివి పెట్టేవాణ్ణి అయ్యాను.

చదవడానికి ఆయన పద్ధతి ఆయనది. మొదటి రోజే నేను పెద్ద అక్షరాల శీర్షిక ఎత్తుకుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "అడుగు నుంచి సదువు" అన్నాడు. వార్తలో ఆఖరి పేరా ముందు చదవాలట, అక్కడి నుంచి పైకి పోవాలట, శీర్షిక చిట్టచివర. నాకు నవ్వొచ్చింది. ఒక వారం చదివాక నవ్వు పోయింది. పైన అమెరికా ఎవరికో సాయం చేసిందని ఉంటుంది, అడుగున షరతు ఉంటుంది. పైన ఇద్దరు నాయకులు చేతులు కలిపారని ఉంటుంది, అడుగున ఏ విషయమూ తేలలేదని ఉంటుంది. పదిహేనేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి, పేపరు చదవడం ఒక పత్తి మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

నామోషీ అయింది వేరే సంగతికి. ఆయన ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి ఎమ్మిగనూరులో కూతురింటికి పోయేవాడు, ఆదివారం ఆమెతో చర్చికి పోవడానికి. కూతురి ఇంటి పక్కన మగ్గం నేసే పెద్దాయన ఒకడున్నాడు, ఆయనకు చదువొచ్చు. నేను చదివినవాటిలో ఏదైనా అనుమానంగా ఉంటే ఆ పేజీ మడిచి సంచిలో పెట్టుకుని పోయి, ఆ నేతగాడి చేత మళ్ళీ చదివించుకునేవాడు. దాచలేదు కూడా, నా ముఖం మీదే చెప్పాడు. "తప్పుగా అనుకోవద్దప్పా. ఒగే బోరా ఇద్దరు సూడాల. నువ్వు మంచోనివే. మంచోడైనా ఒగ ముక్క మింగొచ్చు." నాకు వారం రోజులు కోపం. ఆ వారమంతా ఆయన మామూలుగానే వచ్చి, నా గ్లాసు తీసుకుని, తన గ్లాసు జరిపి కూర్చున్నాడు.

అమెరికా ఎన్నికల సంగతి చదవడమంటే ఆయన ఎదుట నాకు పరీక్ష. పాఠంలో నేను చెప్పేది ఒకటి, అది చాలా పాత ప్రజాస్వామ్యం, అందరికీ మాదిరి అని. ఆయనకు అదంతా పైన పెట్టిన పత్తి.

"ఎన్ని పార్టీలు ఆడ?"

"చాలా ఉంటాయి గానీ, గెలిచేవి రెండే అన్నా."

"ఇద్దరే కొనేటోళ్ళుంటే అది సంత కాదు సారూ. ఇద్దరే ఉంటే సంతకు రాకముందే మాట్లాడుకుంటారు."

ఒక్కోసారి దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవాడు కూడా ఓడిపోవచ్చని, రాష్ట్రాల లెక్క వేరుగా ఉంటుందని బల్ల మీద నీళ్ళతో గీతలు గీసి మరీ చెప్పాను. అంతా విని, "తూకం ఒగటి, కాయితం మీద రాసేది ఇంగోటి. ఇది మా గేటు కాడ జరిగితే రైతు కొడతాడు" అన్నాడు. ఓడిన నాయకుడు ఓడలేదని మొండికేసిన రోజుల్లో ఊరంతా ఆశ్చర్యపోతే ఈయన మాత్రం చలించలేదు. "ఈయప్ప దిగనంటాండాడు, సరే. ఇన్నాళ్ళూ దిగినోళ్ళందరూ అంత మర్యాదగా ఎందుకు దిగినారో అది సెప్పు ముందు. వాళ్ళకు ఏం దొరికింది?" నేను పేజీ తిప్పాను. అధ్యక్షుల ఉపన్యాసాలు దేవుడి దీవెనతో ముగుస్తాయంటే మాత్రం ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "మేము ఆమెన్ అనేది మోకాళ్ళ మీద. వాళ్ళు నిలబడి, జెండా ముందర. దేవునికి ఏ దేశమని అడుగుతాండారా, తెలియజేస్తాండారా?"

దీవుల పిచ్చి మాత్రం మ్యాపుతో మొదలైంది. బడి గోడకు తగిలించే ప్రపంచపటం చినిగితే గుడ్డ అంటించడానికి ఇచ్చి, తిరిగి తెచ్చుకుంటూ అంగట్లో విప్పాను. అమెరికా ఎంత ఉందో చూపించమన్నాడు. చూపించాను. ఆయన వేలు అమెరికా మీద ఆగలేదు. దాని కింద సముద్రంలో చల్లినట్టున్న చుక్కల మీద ఆగింది.

"ఇవేంది?"

"కరీబియన్ దీవులన్నా. ఒక్కొక్కటి ఒక్కో దేశం. వెస్టిండీస్ అని క్రికెట్లో వినలేదూ? వీళ్ళే."

"ఇంత పెద్దదాని పక్కన ఇంతింత సిన్నవి. ఎట్ల బతుకుతాండాయి సారూ ఇవి?"

అంతే, ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. పెద్దవాడి పక్కన చిన్నవాడు ఎట్లా బతుకుతాడు అన్నదే ఆయనకు కావలసిన రాజకీయం. పొద్దున రాగానే "దీవులోళ్ళది ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. ఆ దీవుల్లో కొన్నింటికి స్వతంత్రం వచ్చినా ఇంకా ఇంగ్లండు రాజే రాజని చెబితే, "ఇల్లు ఖాళీ సేసి బీగం చెవి తన కాడనే పెట్టుకున్నాడా?" అన్నాడు. హైతీ సంగతి చెప్పాను. ఫ్రాన్సు చేతి కింది బానిసలు తిరగబడి, గెలిచి, సొంత దేశం చేసుకున్నారని, దానికి ఆ ఫ్రాన్సే గెలిచినవాళ్ళ చేత పరిహారం కట్టించుకుందని, పక్కనున్న అమెరికా చాలా ఏళ్ళు వాళ్ళది దేశమనే ఒప్పుకోలేదని చెప్పాను. ఆయన టీ తాగడం ఆపేశాడు. "గెలిచినోడు జరిమానా కట్టినాడా?" అని రెండుసార్లు అడిగాడు. ఈసారి పేజీ లేదు, నేను చెప్పిన ఆ ముక్కనే సంచిలో పెట్టుకుని పోయినట్టున్నాడు. నేతగాడు కూడా అవునన్నాడని సోమవారం వచ్చి చెప్పాడు, ఆయనే తప్పు చేసినట్టు తల వంచుకుని.

క్యూబా దగ్గర మాత్రం నేను ఆయనకు చెప్పింది ఏమీ లేదు. ఆయనే నాకు చెప్పాడు. ఆంక్షలు అనే మాట పేపర్లో వచ్చింది. ఆంక్షలంటే ఏమని అడిగాడు. అమెరికా వాళ్ళకు అమ్మదు, వాళ్ళ దగ్గర కొనదు, వాళ్ళతో బేరం చేసేవాళ్ళను కూడా బెదిరిస్తుంది, నేను పుట్టక ముందు నుంచీ ఇదే అన్నాను.

"మా ఊర్లో సేసిందే" అన్నాడు.

వాళ్ళది సి.బెళగల్ వైపు ఒక మెట్ట ఊరు. కూలికి కొలిచే గింజలు తక్కువగా ఉన్నాయని వాళ్ళ నాయన ఒకసారి పెద్దరైతు కళ్ళంలో నోరు తెరిచాడట. ఆ పొద్దు నుంచి వాళ్ళ వీధికి ఊరు మూసేసింది. అంగడిలో ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు, ఎవరూ పనికి పిలవలేదు, గట్ల మీద నడవనివ్వలేదు. పిలిచిన ఒకరిద్దరిని కూడా బెదిరించారు. వాళ్ళమ్మ ఉప్పు కోసం పక్క ఊరికి నడిచి పోయి కొంగులో కట్టుకుని వచ్చేదట. "కొట్టలేదు సారూ. ఒగ దెబ్బ కూడా కొట్టలేదు. అది సూసేటోళ్ళకు ఏమీ సెయ్యనట్టే ఉంటాది" అన్నాడు. ఆ రోజు ఆయన గ్లాసులు మార్చడం మరిచిపోయాడు. నాలుగేళ్ళలో ఆ ఒక్క రోజే.

ఇంకో ప్రశ్న తరచు అడిగేవాడు. "ఆటకు అందరూ ఒగే జట్టు. మరి అమెరికా ఎదుటకు వచ్చేతలికి ఎవురి దీవి వాళ్ళదే. ఎందుకు కలవరు?" నేను భాషలు వేరు, సముద్రం అడ్డం, అప్పటి పాలకులు వేరు అని పాఠం చెప్పేవాణ్ణి. "సముద్రం లేని ఊర్లో మాత్రం కలుస్తాండారా" అని ఆయనే కొట్టిపారేసేవాడు.

ఇక నా అబద్ధం.

ఆ మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళు ముప్పై మంది దాకా ఉండేవాళ్ళు. వాళ్ళకని ఒక మరుగుదొడ్డి కట్టించారు, సున్నం కొట్టించారు, తాళం వేశారు. అధికారులు వచ్చినప్పుడు తీస్తారు. మిగతా రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డు దాటి కంపచెట్ల చాటుకు పోవాలి. ఒక శుక్రవారం ఆయన ఆ సంగతి చెప్పి, "సూపియ్యనీకి కట్టింది సారూ అది" అన్నాడు. అన్నిటి మీదా ఏదో ఒకటి అనే మనిషి, దాని మీద ఇంకేమీ అనలేకపోయాడు.

మర్నాడు శనివారం. "దీవులోళ్ళది ఏమన్నా ఉందా?" అన్నాడు. నాలుగు రోజులుగా ఏమీ లేదు. ఆ రోజూ లేదు. ఉందన్నాను.

ఎందుకన్నానో ఇన్నాళ్ళూ నన్ను నేనే నిలదీసుకుంటున్నాను. సగం ఎగతాళి. అందరినీ అనుమానిస్తాడు కదా, దీన్ని పట్టుకుంటాడేమో చూద్దాం అనే సరదా. మిగతా సగం, ముందురోజు ఆయన ముఖం. లోపలి పేజీలో ఒక వ్యాపార ప్రకటన మీద బొటనవేలు పెట్టి, వార్త చదువుతున్నట్టు చెప్పాను. ఒక దీవిలో ఓడరేవు దగ్గర అరటిపండ్లు పెట్టెలకెత్తే ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మరుగుదొడ్డికి కంపెనీ తాళం వేసింది. వాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. నినాదం లేదు, తిట్టు లేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఓడ ఆగింది, పండ్లు మగ్గిపోతున్నాయి. రెండో రోజు కంపెనీయే తాళం తీసింది.

"గొంతు ఎత్తలేదా?"

"లేదన్నా."

"ఏ దీవి?"

"పేరు దగ్గర ఇంకు చెదిరింది, కనబడడం లేదు" అన్నాను.

ఆయన నా బొటనవేలి వైపు చూశాడు. తర్వాత ఆ పేజీ తీసుకుని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అది ఎమ్మిగనూరుకే పోతుందని నాకు తెలుసు.

సోమవారం పొద్దున నేను బస్సు దిగేసరికి మిల్లు గేటు ముందు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చేతులు ఒళ్ళో. ఒక్క మాట లేదు. ఆకాశం మూసుకుని ఉంది, మిల్లు ఆవరణలో పత్తి గుట్టలు కప్పకుండా ఉన్నాయి, కప్పే చేతులన్నీ గేటు బయట ఉన్నాయి. "దీవిలో ఆడోళ్ళు సేసినారంట సార్, సుమ్నే, ఊరికే కూసుంటే సాలంట" అని ఒకామె నాకే చెప్పింది, నన్నెరగదు పాపం. ఆయన లోపల గేటు పక్కన తన స్టూలు మీద, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. ఈయన నమ్మాడు, నేతగాడు ఇంట్లో లేడేమో, చదివించుకోకుండానే నమ్మాడు అనుకున్నాను. ఒక్క బోరా కూడా అడుగు చూడకుండా పంపని మనిషి, చూడకుండా నమ్మిన ఒక్కటీ నాదే, అదీ కుళ్ళినది.

మర్నాడు మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. తాళం తీశారు.

ఆ సాయంత్రం యజమాని గదిలో జరిగింది టీ అంగడి ఆయన చెప్పాడు, లోపలికి టీలు తీసుకుపోయింది ఆయనే. ఈ దీవుల కథ ఎవరు చెప్పారని యజమాని అడిగాడు. ఆడవాళ్ళ నోట అప్పటికే ఈయన సంగతి వచ్చేసింది. "నేనే" అన్నాడట. నీకెవరు చదివి పెట్టారని అడిగితే, "నేనే సదువుకున్నా" అన్నాడట. యజమాని నవ్వి, ఆ రోజు పేపరు ముందుకు తోసి చదవమన్నాడు. ఈయన పేపరు తీసుకుని, పేజీ అడుగున బొటనవేలు పెట్టి, చాలాసేపు చూసి, తిరిగి బల్ల మీద పెట్టి, "ఇందులో ఏమీ లేదు సామీ" అన్నాడట.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. నా పేరు బయటికొస్తే నా మీద ఒక అర్జీ చాలు. ఆయన రానివ్వలేదు. మర్నాటి నుంచి ఆయన్ని గేటులోకి రానివ్వలేదు. ఇంకో మిల్లుకు పోయాడు, మనుషులు నిండారన్నారు. ఇంకోటి, ఇంకోటి. అంత పేరున్న చెయ్యి ఆదోనిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరూ తిట్టలేదు, ఒక దెబ్బ కూడా కొట్టలేదు.

ఆఖరిసారి బస్టాపులో కలిశాడు. చేతిలో ట్రంకు పెట్టె, సంచి. కూతురి దగ్గరికి పోతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "సారూ, నాకూ ఆంక్షలు పెట్టినారప్పా" అన్నాడు. నేను తల ఎత్తలేదు. "మిల్లులన్నీ కలిసినాయి సూడు, ఎంత బాగా కలిసినాయో. మన దీవులోళ్ళే కలవరు."

"అన్నా, ఆ శనివారం పేపర్లో..." అని మొదలుపెట్టాను.

"బస్సు వచ్చింది" అన్నాడు.

బస్సు రాలేదు. అది ఇంకో పది నిమిషాలకు వచ్చింది. ఆ పది నిమిషాలూ ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం. ఎక్కేముందు, "శనివారం రాప్పా ఎమ్మిగనూరికి. పేపరు తెచ్చుకో" అన్నాడు. వస్తానన్నాను.

పోలేదు. ఎమ్మిగనూరు ఎంత దూరం? గంట కూడా పట్టదు. మొదటి శనివారం జ్వరమని చెప్పుకున్నాను, రెండోది బడిలో పరీక్షలని. ఆ తర్వాత చెప్పుకోవడం కూడా మానేశాను. టీ అంగడి మార్చాను, ఒక స్టాపు ముందే దిగడం మొదలుపెట్టాను. పిరికితనానికి ఇంతకంటే పెద్ద పేరు అక్కర్లేదు.

నేను ఎమ్మిగనూరు చేరేసరికి సమాధి అయిపోయింది. ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎత్తుతున్నారు. అరుగు మీద ఆ మిల్లు ఆడవాళ్ళు ఐదారుగురు కూర్చుని ఉన్నారు, ఆదోని నుంచి టెంపో మాట్లాడుకుని వచ్చారట. కూతురు నన్ను ఫోన్లో తప్ప ఎరగదు, గుర్తుపట్టలేదు. చెప్పుకున్నాక, "పేపరు సారువా? పక్కింటి పెద్దాయన మిమ్మల్ని ఒగసారి రమ్మన్నాడు" అంది.

నేతగాడు గుంతమగ్గంలో కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. ఇంత కాలం నాకు కనబడకుండా నన్ను తనిఖీ చేసిన మనిషి ఎట్లా ఉంటాడో అనుకున్నాను. బక్కగా, కళ్ళద్దాలకు దారం కట్టుకుని ఉన్నాడు. పలకరింపులు లేవు. గోడలో గూటిలోంచి ఒక పేపరు పేజీ తీసి నా ముందు పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ ప్రకటన చూడగానే గుర్తుపట్టాను.

"ఆ శనివారమే తెచ్చినాడు సార్. అడుగు నుంచి సదువు అన్నాడు. సదివినా. ప్రకటనలతో సహా సదివినా. దీవి లేదు."

"ఆ శనివారమేనా? సోమవారానికి ముందే?"

"ముందే. నేను లేదని సెప్పకముందే ఆయనకు అనుమానం. 'పేరు లేని దీవి యాడుంటాది' అన్నాడు. కోపం వస్తాదేమో అనుకున్నా. రాలేదు. 'పేపర్లో లేదు సరే, జరగలేనిది ఏమన్నా ఉందా ఇందులో?' అని నన్ను అడిగినాడు. లేదన్నా. 'మా ఆడోళ్ళు నేను సెప్తే వినరు. దీవిలో జరిగిందంటే వింటారు' అన్నాడు. లేసి పోయినాడు, మర్నాడు చర్చి అయిపోతానే ఆదోని బస్సెక్కినాడు."

రెండేళ్ళుగా నా నెత్తి మీద మోసిన బరువు ఆయన తెలిసి ఎత్తుకున్నదని తెలిస్తే తేలికపడాలి. నాకు తేలిక కాలేదు. నా అబద్ధాన్ని అడుగు దాకా చూసి, మొదటి రకమని తన చేత్తో గేటు దాటించింది ఆయనే. దానికి నా పేరు రానివ్వకుండా, రాని చదువు వచ్చినట్టు అందరి ముందూ నిలబడింది ఆయనే. ఇదంతా తెలిసిన మనిషి నన్ను రమ్మని పిలిచాడు. నేను పోలేదు.

"నా మీద ఏమన్నా అన్నాడా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అబద్ధం సెప్పినందుకు ఏమీ అనలేదు సార్" అన్నాడు నేతగాడు. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "శనివారం సాయంత్రం మాత్రం ఆదోని బస్సు టైముకు కుర్చీ తెచ్చుకుని వాకిట్లో కూసుండేటోడు. బస్సు రాకముందే 'రాడు సూడు' అనేటోడు. 'ఎందుకన్నా అట్ల అనుమానం, వస్తాడులే' అని నేనంటాంటి. ఆయన 'రాడు', నేను 'వస్తాడు'. బస్సు వచ్చేది, పోయేది. రెండేండ్లూ ఇదే మాకు. పోయిన శనివారం లేసి నిలబడనీక కూడా శాతకాలేదు. మనవరాల్ని పట్టుకుని వచ్చి కూసున్నాడు. బస్సు పోయినాక 'సెప్పలే?' అన్నాడు. గెలిచినోడి మొగం కాదు సార్ అది."

ఆ నాలుగేళ్ళూ ఆయన అనుమానాలు నిజం కావడమే నేను చూశాను. ఈ ఒక్క అనుమానం తప్పు కావాలని ఆయన రెండేళ్ళు, ప్రతి శనివారం, కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. నేను కానివ్వలేదు.